సిగ్నల్ ఊగిసలాటే తాళంచెవి అయితే?

వైఫై వాడుతూ ఒక్క అడుగు పక్కకి జరగ్గానే సిగ్నల్ పడిపోతుంది కదా? దీన్ని ఫేడింగ్ అంటారు. రేడియో ఇంజనీర్లు ఏళ్ల తరబడి తిట్టుకున్న సమస్య ఇది. ఇదే మన రహస్యానికి కాపలా కాస్తుందని కొందరికి తట్టింది. ఆ కథ చూద్దాం.

గాలిలో పంపే సిగ్నల్ ఎవరైనా వినొచ్చు. మరి ముందు పరిచయం లేని రెండు ఫోన్లు ఒకే సీక్రెట్ కీ ఎలా పెట్టుకోవాలి? 1976లో డిఫీ, హెల్మన్ గణితంతో దారి చూపించారు. కానీ దాని బలమంతా ఒక లెక్క చేయడం కష్టమన్న నమ్మకం మీదే ఉంది. రేపు ఎవరైనా సులువు దారి కనిపెడితే?

1993లో ఒకవైపు మౌరర్, ఇంకోవైపు ఆల్స్‌వేడె, చిసార్ ఇంకో మాట చెప్పారు. ఇద్దరి దగ్గరా ఒకేలాంటి సమాచారం ఉండి, అది మూడోవాడికి పూర్తిగా అందకపోతే, అందరి ముందూ మాట్లాడుకుంటూనే కీ తయారు చేసుకోవచ్చు.

అలాంటి సమాచారం ఎక్కడ దొరుకుతుంది? 1995లో హెర్షీ, హసన్, యార్లగడ్డ రాసిన పేపర్ రేడియో దారినే చూపించింది. తరంగాలు గోడలకి, మనుషులకి తగిలి వస్తాయి. ఒకే ఫ్రీక్వెన్సీలో, దాదాపు ఒకే క్షణంలో కొలిస్తే నా నుంచి మీకు, మీ నుంచి నాకు దారి ఒకటే. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో సగం తరంగదైర్ఘ్యం సుమారు 6 సెంటీమీటర్లు. తరంగాలు నలువైపుల నుంచీ తగిలి వచ్చే చోట, అంతకన్నా కాస్త దూరంలో ఉన్నవాడికి కనిపించే ఊగిసలాట వేరే అనమాట.

2008లో రట్జర్స్ యూనివర్సిటీ పరిశోధకులతో కూడిన బృందం దీన్ని మామూలు వైఫై పరికరాలతోనే చేసి చూపించింది. సిగ్నల్ బాగా పెరిగితే 1, బాగా పడితే 0. ఏ కొలతలు వాడాలో బయటికే చెప్పుకుంటారు, విలువలు మాత్రం చెప్పరు.

అంతా సెట్ అయిపోయిందా? లేదు. 2009లో యూటా యూనివర్సిటీ పరిశోధకులు ఉన్న బృందం రకరకాల చోట్ల పరీక్షించింది. పరికరాలు, పరిసరాలు కదలకుండా ఉంటే వచ్చే కీలో యాదృచ్ఛికత చాలా తక్కువ. పైగా శత్రువే మధ్యలో అటూ ఇటూ నడిచి సిగ్నల్‌ని తనకి కావాల్సినట్టు ఊపగలడు! చేతిలో పట్టుకుని తిరిగే ఫోన్‌కి ఇది బాగానే పనిచేస్తుంది, గోడకి బిగించిన సెన్సర్‌కి మాత్రం కష్టం.

అంటే ఇక్కడ రహస్యం పుట్టేది కదలిక నుంచి. కదలిక ఆగితే రహస్యమూ పలచబడుతుంది. ఈసారి సిగ్నల్ ఊగితే కాస్త తక్కువ తిట్టుకోండి. మళ్లీ కలుద్దాం!