నీటిలో ఊపిరి



ఇరువదియేండ్ల క్రిందట ఒకనాడు తొమ్మిదవ తరగతివారికి భారతమున శల్యపర్వకథ చెప్పుచుంటిని. పదునెనిమిదవనాటి యుద్ధమున సేన యంతయు నశింపగా దుర్యోధనుడు గద చేతబట్టి ఒంటరిగా ద్వైపాయనహ్రదము జొచ్చి, జలస్తంభనవిద్యచే నీటిని నిలిపి, లోన దాగియుండెను. అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ గట్టున నిలిచి పిలువగా లోనుండియే బదులు పలికెను. భీమునకు మాంసము తెచ్చి యిచ్చు వేటకాండ్రు ఆ మాటలు విని పాండవులకు ఎఱిగించిరి. ఇంతవఱకు చెప్పితినో లేదో, వెనుకబల్లనుండి ఒక బాలుడు లేచి, "మాష్టారూ, మాట్లాడాలంటే ఊపిరి కావాలి గదండీ? నీళ్లలో ఆయనకు గాలెక్కడిదండీ?" అని అడిగెను. తరగతి యంతయు నవ్వినది. "అది మంత్రవిద్య, కూర్చో" అంటిని.

ఆ బాలుడు నేడు విశాఖపట్టణమున ఉద్యోగి. ఈ నడుమ నాకొక జాబు వ్రాసెను. భార్యాబిడ్డలతో విహారనౌక ఎక్కబోవుచున్నాడట. నౌక ఒక దీవికడ పగలంతయు ఆగునట. అక్కడ కండ్లకును ముక్కునకును అద్దపుతొడుగు పెట్టుకొని, నోట గొట్టము కఱచి, నీటిపై బోర్లపడి తేలుచు పగడపుదిబ్బలను చూతురట. దానికి కావలసిన సరంజామా యేమి, జాగ్రత్తలేమి అని అడిగి, చివర ఒక వాక్యము చేర్చెను: "ఆనాటి ప్రశ్నకు తాము ఇంకా జవాబు చెప్పలేదు." ఈ ప్రసంగము ఆ బాకీ తీర్చుటకే.

నిజము చెప్పవలెనన్న, ఆ జవాబులో సగము నాకు పదియేండ్ల ప్రాయముననే తెలిసినది. పటమటలంక ప్రక్కగా పోవు బందరుకాలువలో తెలిసినది. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తియైన పిమ్మట బెజవాడనుండి బందరువఱకు పడవలు నడచిన కాలువ అది. వేసవిలో కట్టివేసిన కాలువకు తొలకరినాట నీరు వదలుటయే మాకు పండుగ. బొప్పాయి ఆకుకాడ లోపల బోలుగా నుండునుగదా. దానిని రెండువైపుల కోసి, ఒక కొన నోట బెట్టుకొని, రెండవ కొన నీటిపైకి ఉంచి, తల ముంచి కూర్చుండువారము. పైనున్నవారికి కాడయొక్కటే కనబడెడిది. ఆ యాటకు మేము పెట్టుకొన్న పేరే "దుర్యోధనుడాట".

ఒకనాడు మాలో సాహసియైన యొకడు రెండు కాడలను ఒకదానిలో నొకటి దూర్చి, నారతో బిగించి, నిలువులోతున దిగెను. కాడ కదలలేదు, చీలలేదు, దాని కొన నీటిపైననే యుండెను. అయినను వాడు రెండు మూడు గ్రుక్కల గాలికై పెనగులాడి చేతులు కొట్టుకొనసాగెను. మేము అదియు ఆటయే యనుకొని నవ్వుచుంటిమి. ఒడ్డున బట్టలుతుకుచున్న యొకామె కేకవేసి దూకి జుట్టుపట్టి పైకి లాగకున్న ఏమి కావలసియుండెనో! వానికి మాట వచ్చుటకు చాలసేపు పట్టినది. ఇండ్లలో నెవరికిని చెప్పరాదని ఒట్టు వేసికొంటిమి. గాలి రాకపోకలకు దారి తెఱచియుండగా ఊపిరి ఏల ఆడలేదో అప్పుడు నాకు తెలియలేదు. తెలిసిన తరువాతను, ఆ బాలుడు తరగతిలో అడిగినప్పుడు, ఆ ఒట్టు జ్ఞప్తికి వచ్చి నోరు పెగలలేదు.

కారణము సులభమే. నీటిలో దిగినకొలది నీటిబరువు మనపై హెచ్చును. ఒక మీటరు లోతున చదరపు సెంటీమీటరు ఒకటికి నూఱు గ్రాముల ఒత్తిడి అదనముగా కలుగును. మన ఱొమ్ముమీద అట్టి చదరపు సెంటీమీటరులు వందలకొలది కలవు. గొట్టముగుండ వచ్చు గాలికి మాత్రము ఆ ఒత్తిడి లేదు. అది నీటిపైని గాలియే. కావున ఊపిరి పీల్చవలెనన్న, ప్రతిమాఱును పదుల కిలోగ్రాముల బరువును ఱొమ్ముతో ఎత్తవలయును. ఇది చాలదన్నట్లు, గొట్టము పొడవైనకొలది మనము విడిచిన చెడుగాలి అందులోనే నిలిచి మరల మనకే వచ్చును. కావుననే నేడు అంగళ్లలో అమ్ము గొట్టములు సుమారు 35 మొదలు 40 సెంటీమీటరుల పొడవు మాత్రమే యుండును. మన లెక్కలో మూరకు తక్కువ. దానికి అతుకు వేయువాడు మా కాలువలోని సాహసికి సోదరుడు.

ఈ గొట్టపు ఊహ మిక్కిలి ప్రాచీనము. క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దమున యవనపండితుడు అరిస్టాటిల్ ఏనుగు తొండమును వర్ణించుచు, నీట మునుగువారు కొందఱు పైనుండి గాలి తీసికొనుటకు సాధనములు వాడుదురనియు, ఏనుగునకు ప్రకృతి యిచ్చిన తొండము అట్టిదనియు వ్రాసెను. లియొనార్డో డా విన్చి తన చిత్తుప్రతులలో మునుగువానికి గొట్టములు చిత్రించెను. లోతునకు పోగోరినవారు తుదకు గొట్టమును పొడిగించుట మాని, గాలినే ఒత్తిడితో క్రిందికి పంపు ఉపాయము పట్టిరి. 1691లో ఎడ్మండ్ హేలీ గంట యాకృతిగల పెద్దపాత్రను నీటదింపి, పీపాలతో దానికి గాలి నందించెను. 1943లో ఫ్రెంచివారగు కూస్తో, గాన్యాన్ అనువారు, వీపున మోయు గాలిసీసానుండి లోతునకు తగిన ఒత్తిడితో గాలినిచ్చు యంత్రమును నిర్మించిరి. పొట్టిగొట్టము మాత్రము నీటిపై తేలువానికే మిగిలినది. దానికి నేడు ప్రపంచమంతట చెల్లు "స్నార్కెల్" అను పేరు యుద్ధమునుండి వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున జలాంతర్గాములు పూర్తిగ పైకి రాకుండ గాలి తీసికొనుటకు పైకెత్తు గొట్టమునకు జర్మను నావికులు పెట్టిన పేరది.

మన తీరమున ఈ గొట్టము లేకయే శతాబ్దములు గడిచినవి. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమున, ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన వర్తకుల సొత్తును పూర్వరాజులవలె అపహరింపక, సుంకము మాత్రమే తీసికొందునని పలికెను. ఆ సుంకపు పట్టికలో ముత్యములును కలవు. అదే శతాబ్దపు చివరిభాగమున మోటుపల్లిని పేర్కొనిన వెనిసు యాత్రికుడు మార్కో పోలో, దక్షిణమున సింహళమునకును మన దేశమునకును నడుమనున్న సముద్రమున ముత్యములు తీయువారిని వర్ణించెను. వారు ఊపిరి బిగబట్టి మునిగి, ఆల్చిప్పలు ఏఱి, తాళలేనప్పుడు పైకి వత్తురు. చేపలు వారిని బాధింపకుండ మంత్రించువారికి ముత్యములలో ఇరువదవ పాలు ముట్టెడిది. రాత్రి మంత్రము విప్పివేయుదురట. దొంగచాటుగ రాత్రివేళ ఎవరును మునుగకుండుటకు అది చక్కని కాపలా! మా మంత్రవిద్యకు ఇంత లోకజ్ఞానము కలదని ఆనాడే తరగతిలో చెప్పియుండవలసినది.

ఇక కంటితొడుగు సంగతి. నీటిలో కన్ను తెఱచిన అంతయు మసకగా నుండుటకు హేతువు, కంటి ముందుపొర వెలుగును వంచుటకు గాలితో తాకిడి కావలయును. నీరు తాకిన ఆ శక్తి పోవును. కావున కంటికి నీటికి నడుమ కొంచెము గాలి నిలుపవలయును. పదునాలుగవ శతాబ్దమున ఇబ్న్ బతూతా అను యాత్రికుడు పారసీక సింధుశాఖలో ముత్యములు తీయువారు ముఖమునకు తాబేటిచిప్పతో చేసిన తొడుగును, ముక్కునకు అదే చిప్పతో చేసిన పట్టకారును ధరింతురని వ్రాసెను. నేటి తొడుగు గాజుతోడను, మెత్తని సిలికానుతోడను చేయుదురు. ఆ తొడుగులోనుండి చూచిన చేప ఉన్నదానికంటె మూడవవంతు పెద్దదిగ, దూరములో నాలుగవవంతు దగ్గరగ తోచును. ఒడ్డునకు వచ్చి చేప కొలత చెప్పువారి మాటను ఆపాటి తగ్గించుకొని వినుట మంచిది.

నా శిష్యునకు కావలసిన జాగ్రత్తలు ఈ చరిత్రనుండియే వచ్చును. తొడుగు ముక్కును గూడ కప్పునది కావలయును. కొంచెము లోతునకు పోయినప్పుడు లోపలిగాలి నలిగి ముఖమును పీల్చును, అప్పుడు ముక్కుతో కొంచెము గాలి విడిచిన సరిపోవును. కొనుటకు ముందు పట్టీ లేకుండ ముఖమున కానించి ముక్కుతో గాలి లోనికి పీల్చుము. చేయి తీసినను జాఱకున్న అది నీ ముఖమునకు తగినది. వెండ్రుకలు నడుమ దూఱిన నీరు కాఱును. మీసమున్నవారికి ఈ చిక్కు హెచ్చు. అద్దము మసకబాఱకుండ లోపల ఉమ్మి రుద్ది కడుగుట నావికుల అలవాటు. ఎంగిలి యని నాబోటివాడు ముఖము చిట్లించినను, అది పనిచేయును. గొట్టములోనికి నీరు వచ్చినప్పుడు ఒక్కమాఱు బలముగ ఊది వెడలగొట్టుట, మోకాలిలోతు నీట ముందుగ అభ్యసింపవలయును. కాళ్లకు రబ్బరు తెడ్లు, బిడ్డలకును ఈత తక్కువవారికిని తేలుడు కవచము తప్పనిసరి. బోర్లపడి తేలువానికి వీపున ఎండ తగులుట తెలియదు. కావున నిండుచేతుల చొక్కా ధరింపుము.

ఎక్కడ చూడవలెనన్నదియు ముఖ్యమే. మన కృష్ణ హంసలదీవికడ సముద్రమున గలియుచు తెచ్చు ఒండ్రుమట్టిచే ఇక్కడి నీరు బురదవన్నె. మంగినపూడిలో అద్దము పెట్టుకొన్నను అఱచేయి కనబడదు. ఆ ఒండ్రే మన డెల్టాకు అన్నము పెట్టినది, దానిని నిందింపరాదు. పగడపుపురుగునకు తేటనీరు, వెలుగు, వెచ్చదనము కావలయును. అవి అండమానులలో కలవు. శ్రీకాకుళము, విశాఖ ప్రాంతములనుండి పోయి స్థిరపడిన తెలుగువారు అక్కడ పెక్కుమంది. 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మాఱిన హేవ్‌లాక్ దీవికడ ఈ విహారము ప్రసిద్ధము. పగడము ప్రాణి, దానిపై కాలు మోపిన చచ్చును. గట్టిపగడములన్నియు 2001నుండి వన్యప్రాణి చట్టపు రక్షణలో నున్నవి. ముక్క విఱిచి సంచిలో వేసికొని వచ్చుట నేరము.

పెద్దనౌక దూరమున లంగరువేసి, చిన్నపడవలపై జనులను ఒడ్డునకు చేర్చుట మన బందరువారికి క్రొత్తగాదు. మేకు లేకుండ కొబ్బరిపీచుతో కుట్టిన మసూలా పడవలు అలలు దాటించిన పని అదే. ఆ పడవలవాని మాటయే వేదము. తిరుగుపడవకు వేళ అగుచున్నదని తొందరపడి, తుదిగడియలో మఱియొకమాఱు దిగుట తగదు. ఒంటరిగా దిగరాదు. ప్రవాహము లోనికి లాగిన దానికి ఎదురీదక, తీరము వెంబడి అడ్డముగ ఈది బయటపడవలయును.

చివరి మాట మిక్కిలి ముఖ్యము. ప్రాణాయామము నేర్చినవారు కొందఱు మునుగుటకు ముందు వడివడిగ పదిసార్లు పూరకరేచకములు చేసి, పిమ్మట కుంభకము చాలసేపు నిలుపగలమని గర్వింతురు. ఊపిరి కావలెనను తపన రక్తమున బొగ్గుపులుసుగాలి హెచ్చుటచే పుట్టును. వడిగ ఊపిరి తీసిన ఆ గాలి ముందే తఱిగిపోవును. ప్రాణవాయువు అయిపోవుచున్నను తపన పుట్టదు. మనిషి నీటిలోననే, బాధ తెలియకుండగనే, స్పృహ తప్పును. ఈతలో నేర్పరులే ఇట్లు పోవుదురు. నీళ్లలో తపన మనకు శత్రువు కాదు, పిలుపు.

నాయనా, నీ ప్రశ్నకు జవాబిది. దుర్యోధనునకు గాలి ఎక్కడిదో నాకు తెలియదు, కవి చెప్పలేదు. నీకును నీ బిడ్డలకును గాలి నీటికి పైన మూరెడు దూరములోనే కలదు. వారు నీట నుండగా ఎవరైన చేతులు కొట్టుకొన్న, అది ఆటయో కాదో యని విచారింపక వెంటనే పైకి లాగుము. మేము ఆనాడు నవ్వుచు నిలిచితిమి. ఒడ్డుననున్న ఆమె నవ్వలేదు.