కంటికి చిక్కే చేప: అమెరికా ఉప్పుచిత్తడుల్లో రెడ్‌ఫిష్ వేట చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రాల ఆగ్నేయ తీరాన, ఉత్తర కరోలినా నుంచి ఫ్లోరిడా మీదుగా మెక్సికో సింధుశాఖను చుట్టి టెక్సాస్ దక్షిణపు కొస వరకు, అటు పూర్తిగా సముద్రమూ కాని, ఇటు పూర్తిగా నేలా కాని ఒక పలచని నీటి ప్రాంతం చాలాచోట్ల పరచుకొని ఉంది. పోటు వచ్చినప్పుడు మునిగి, పాటు తీసినప్పుడు తేలే ఈ ఉప్పుచిత్తడుల్లో స్పార్టినా అనే గడ్డి నడుమెత్తు పెరుగుతుంది. ఆ గడ్డి దుబ్బుల మధ్య మోకాలి లోతు కూడా లేని పాయలూ మడుగులూ వలలాగా అల్లుకొని ఉంటాయి. రెడ్‌ఫిష్ అనే రాగిరంగు చేప తన బాల్యమంతా గడిపేది ఈ నీళ్లలోనే. నీటిలో గాలం వదిలి చేప ఎప్పుడు తగులుతుందా అని కనిపెట్టుకొని ఉండడం కాక, ముందుగా చేపను కంటితో చూసి, అది సాగే దారిని అంచనా కట్టి, దాని మూతికి ముందు ఎరను చప్పుడు లేకుండా దించే పద్ధతిని కంటివేట అనవచ్చు. ఈనాడు సంపన్నుల వినోదంగా పేరుపడిన ఈ వేటకు వెనుక నాలుగు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. అందులో వినోదం పాలు చివరి యాభై, అరవై ఏళ్లకు మించదు.

రెడ్‌ఫిష్‌కు శాస్త్రజ్ఞులు వాడే పేరు సయనాప్స్ ఒసెలేటస్. ఇది సయనిడే అనే కుటుంబానికి చెందినది. కాకినాడ, ఉప్పాడ, అంతర్వేది రేవుల్లో ఒక్క చేపే లక్షల రూపాయలు పలికిందని పత్రికల్లో తరచు కనిపించే కచిడి కూడా ఈ కుటుంబంలోదే. ఈ చేపల కడుపులో గాలితిత్తి ఉంటుంది. దాని పక్కనున్న కండరాలను వేగంగా అదిలించి మగచేపలు డప్పు మోగినట్లు ధ్వని చేస్తాయి, అందువల్ల రెడ్‌ఫిష్‌ను రెడ్ డ్రమ్ అని కూడా పిలుస్తారు. తోక మొదట్లో కన్నును పోలిన నల్లమచ్చ దీని గుర్తు. వెంటాడే జీవి తోకనే తలగా పొరబడడానికి ఆ మచ్చ తోడ్పడుతుందని భావిస్తారు. దీని నోరు మూతి కింది భాగాన ఉంటుంది కనుక పీతలనూ రొయ్యలనూ బురదలోంచి ఏరుకొని తినేటప్పుడు తల కిందికి వంచక తప్పదు, నీరు లోతు లేనిచోట అప్పుడు తోక గాలిలోకి లేస్తుంది. కంటివేట సాధ్యం కావడానికి మూలం ఈ శరీర నిర్మాణమే.

దీని జీవితక్రమం తెలియకపోతే తరువాతి చరిత్ర అర్థం కాదు. వేసవి చివర నుంచి శరదృతువు దాకా, సముద్రం లోపలికి వచ్చే ముఖద్వారాల దగ్గర పెద్ద చేపలు గుడ్లు పెడతాయి. పిల్లలు పోటుతో చిత్తడుల్లోకి కొట్టుకొని వచ్చి, మూడు నాలుగేళ్లు అక్కడే పెరిగి, ఈడు వచ్చాక సముద్రంలోని పెద్ద మందల్లో కలుస్తాయి. ఆ మందల్లోని చేపలు నలభై ఏళ్లు, అట్లాంటిక్ వైపున అరవై ఏళ్ల వరకూ బతకగలవు. అంటే చిత్తడిలో పట్టేది చాలావరకు ఎదిగే చేప, సముద్రంలో పట్టేది సంతానాన్నిచ్చే చేప.

ఈ తీరంలో కంటితో చూసి చేపను పట్టడం గురించిన తొలి లిఖిత సాక్ష్యాల్లో ఒకటి నేటి ఉత్తర కరోలినా ప్రాంతం నుంచి వచ్చింది. 1585లో అక్కడ దిగిన ఆంగ్లేయుల బృందంలోని జాన్ వైట్ అనే చిత్రకారుడు స్థానిక అల్గాంకియన్ ప్రజల చేపలవేటను నీటిరంగుల్లో చిత్రించాడు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆ చిత్రంలో దోనె మీదివారు, లోతు లేని నీటిలో ఈటెలు పట్టి నిలబడినవారు, రెల్లుతో కట్టిన చేపల కట్టు కనిపిస్తాయి. అదే బృందంలోని థామస్ హారియట్ 1588లో అచ్చువేసిన నివేదికలో, కొన మొనదేల్చిన కర్రలను పడవ మీద నుంచి గాని, నీటిలో నడుస్తూ గాని చేపల మీదికి విసిరే పద్ధతిని వర్ణించాడు. ఈటె చేపకు తగలాలంటే ముందు చేప కంటపడాలి, నీరు వెలుగును వంచడం వల్ల కనిపించే స్థానానికీ అసలు స్థానానికీ ఉండే తేడాను చెయ్యి లెక్క కట్టుకోవాలి. ఆధునిక వేటగాడు ఎంతో ఖర్చుతో నేర్చుకొనే విద్య ఆనాటివారికి రోజువారీ తిండి సంపాదించే విద్య. చేపల చరిత్ర రాసేవారు ఈ వేటను ఇరవయ్యో శతాబ్దపు గైడులతో మొదలుపెట్టడం న్యాయం కాదు.

ఐరోపా శాస్త్రానికి ఈ చేప పరిచయమైంది దక్షిణ కరోలినా నుంచి. చార్ల్స్‌టన్ పట్టణంలో వైద్యుడిగా ఉండిన అలెగ్జాండర్ గార్డెన్ అక్కడి చేపల నమూనాలను స్వీడన్‌లోని లిన్నేయస్‌కు పంపేవాడు. 1766లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. గార్డీనియా పూలజాతికి ఆ పేరు వచ్చింది కూడా ఈ వైద్యుడి నుంచే.

ఆ తరువాతి కాలమంతా రెడ్‌ఫిష్ తీరవాసుల కూటి చేప. లూసియానాలో ఫ్రెంచి మాట్లాడే కేజన్ కుటుంబాలు, హూమా ఆదివాసులు, 1778 తరువాత స్పెయిన్ ప్రభుత్వం కేనరీ దీవుల నుంచి తెచ్చి నిలిపిన ఇస్లేనో ప్రజలు, వీరంతా పందికొక్కుల వంటి మస్క్‌రాట్‌ల ఉచ్చులతోనూ రొయ్యల వలలతోనూ ఋతువుకొక పని చేస్తూ చిత్తడిలోనే బతికారు. వారి వాహనం పిరోగ్, అంటే సైప్రస్ మాను దొలిచి చేసిన సన్నని దోనె. మంచు పడిన గడ్డి మీద కూడా గడకర్రతో నెట్టుకుపోవచ్చని చెప్పుకొనేంత తేలిక. న్యూ ఆర్లీన్స్ వంటిళ్లలో టమాటా పులుసుతో వండే కూర్ బూయాన్ అనే వంటకానికి రెడ్‌ఫిష్ ముఖ్యమైన చేప. అయినా ఊళ్లు దాటి దూర నగరాల్లో దీన్ని కోరి కొనేవారు చాలాకాలం తక్కువే.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పాత విద్యకు రెండు కొత్త సాధనాలు తోడయ్యాయి. మొదటిది కళ్లద్దం. నీటి మీద పడి తిరిగివచ్చే వెలుగులో అడ్డంగా కంపించే భాగమే ఎక్కువ. ఆ భాగాన్ని మాత్రం ఆపివేసే పల్చని పొరను ఎడ్విన్ ల్యాండ్ అనే అమెరికన్ రూపొందించి 1929లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1937లో పోలరాయిడ్ కంపెనీ స్థాపించాడు. ఆ పొర అమర్చిన అద్దంలోంచి చూస్తే నీటి మీది తళతళ తొలగి అడుగు కనిపిస్తుంది. చూపు నిట్టనిలువు గీతకు సుమారు 53 డిగ్రీల ఏటవాలున ఉన్నప్పుడు ఈ ఫలితం అత్యధికం. రెండవది ఎత్తు. ఫ్లోరిడా దక్షిణ కొసన బోన్‌ఫిష్, టార్పన్ అనే చేపలను ఇదే విధంగా వేటాడే గైడులు పల్చని అడుగు గల పడవలను గడకర్రతో నడిపేవారు. పడవ వెనుక భాగాన ఇంజనుపైన నిలబడేందుకు చిన్న మంచె అమర్చిన ఘనతను సాధారణంగా మయామీకి చెందిన బిల్ కర్టిస్ అనే గైడుకు, 1970లకు ఇస్తారు. మంచె మీదివాడికి ముందున్నవాడి కంటె ముందే చేప కనిపిస్తుంది. పడవ ముక్కును పన్నెండు గంటలుగా భావించి, పది గంటల వైపు, నలభై అడుగులు అని అతడు చెబితే, ముందు నిలుచున్నవాడు ఎరను అక్కడికి విసరాలి. ఈ ఏర్పాటు దక్షిణ ఫ్లోరిడా నుంచి రెడ్‌ఫిష్ నీళ్లకు క్రమంగా పాకింది.

ఐతే ప్రతి తీరమూ తన నీటికి తగిన వేటను తయారుచేసుకుంది. దక్షిణ కరోలినా, జార్జియాల్లో ఆటుపోట్ల తేడా చాలాచోట్ల ఐదడుగులకు పైమాటే. పున్నమి, అమావాస్యల పోటుకు నీరు మెరక గడ్డి మీదికి ఎక్కినప్పుడు, ఒక డెక్క మాత్రమే పెద్దగా పెరిగే చిన్న పీతల కోసం రెడ్‌ఫిష్ గడ్డిలోకి వస్తుంది, వేటగాడు పడవ దిగి నడుస్తూ గడ్డి మధ్య లేచే తోకల కోసం వెదుకుతాడు. నీరు మళ్లిందంటే ఆ పూటకు వేట ముగిసినట్లే. లూసియానాలో ఆటుపోటు రోజుకు ఒకసారి, అదీ సుమారు ఒక అడుగు మాత్రమే కనుక అక్కడ గాలిదే పెత్తనం: చలికాలంలో ఉత్తరపు గాలి నీటిని సముద్రంలోకి నెట్టి, మిగిలిన నీరు తేటపడితే, ముప్పై పౌండ్ల చేప కూడా రెండడుగుల లోతులో ఎర్రని నీడలాగా తేలుతూ కనిపిస్తుంది. టెక్సాస్‌లోని లగూనా మాద్రె సముద్రం కంటె ఉప్పగా ఉండే తీర సరస్సు. నాచుగడ్డి పరచిన దాని అడుగు నడిచి వేటాడడానికి అనువైనది. తోక కనిపించనిచోట నీటిపై బాణం మొనలా సాగే అల, ఒక్కసారిగా పైకెగిరే రొయ్యలు చేప జాడ చెబుతాయి. ఈ జాడలు చదవడమే ఈ విద్యలో అసలు భాగం, గాలం విసరడం దాని తరువాతిది.

1980 దగ్గర ఈ చరిత్ర మలుపు తిరిగింది. న్యూ ఆర్లీన్స్‌లో 1979లో భోజనశాల తెరిచిన పాల్ ప్రుదోమ్ అనే వంటగాడు, రెడ్‌ఫిష్ ముక్కను వెన్నలో ముంచి, మసాలా పట్టించి, పొగలు కక్కే పోత ఇనుప పెనంపై నల్లగా కాల్చి వడ్డించాడు. ఆ వంటకం కొద్ది ఏళ్లలో దేశమంతటా పాకింది. చిత్తడి చేప ఆ గిరాకీని తీర్చలేకపోయేసరికి వ్యాపారం సింధుశాఖలోని పెద్ద మందల మీదికి మళ్లింది. గుడ్లు పెట్టే కాలంలో నీటి ఉపరితలాన ఎర్రని మేఘంలా గుమిగూడే మందలను చిన్న విమానాల నుంచి చూసి, పడవలకు రేడియోలో చెప్పి, విశాఖ తీరంలో ఎన్నో వివాదాలకు కారణమైన రింగు వలను పోలిన వలతో చుట్టూ మూసి, అడుగున బిగించి, మందకు మందను ఎత్తివేసేవారు. ఇదీ చూసి పట్టే వేటే. కాని ఇందులో చూపుకు హద్దు లేదు, పట్టుబడిన చేపల్లో ఎన్నో దశాబ్దాల వయసు గల తల్లిచేపలు ఉన్నాయి.

ఎదురుదాడి అంతకు ముందే మొదలైంది. అఖాతాల్లో చేపలు తగ్గడం చూసిన టెక్సాస్ గాలపు వేటగాళ్లు 1977లో హ్యూస్టన్‌లో సంఘం పెట్టుకున్నారు. 1981లో ఆ రాష్ట్ర శాసనసభ సహజ జలాల్లో పట్టిన రెడ్‌ఫిష్ అమ్మకాన్ని నిషేధించింది. 1986లో ఫెడరల్ ప్రభుత్వం సింధుశాఖలో అత్యవసర ఆంక్షలు విధించింది, 1988 నుంచి అక్కడి ఫెడరల్ జలాల్లో ఈ చేపను పట్టడమే ఆగిపోయింది. అదే ఏడు లూసియానా దీన్ని వినోదపు వేటకే పరిమితం చేసింది. ఫ్లోరిడా 1989లో రోజుకు మనిషికి ఒక్క చేప, అదీ 18 నుంచి 27 అంగుళాల మధ్యదే అని నియమించింది; చిన్నదాన్ని పెరగనిచ్చి, పెద్దదాన్ని గుడ్లు పెట్టనిచ్చే ఈ పద్ధతిని స్లాట్ అంటారు. భోజనశాలల గిరాకీ చెరువుల చేపల వైపు తిరిగింది. వెలుతురు గంటలనూ నీటి ఉష్ణోగ్రతనూ మార్చి ఈ చేప చేత తొట్లలోనే గుడ్లు పెట్టించే విధానాన్ని టెక్సాస్‌లోని పోర్ట్ అరాన్సస్ పరిశోధకులు 1970ల్లోనే సాధించి ఉండడం అందుకు దారి చేసింది.

ఈ చట్టాలు చేపను కాపాడాయన్నది నిజం. వాటి భారం అందరిపై సమానంగా పడలేదన్నదీ అంతే నిజం. తల్లిమందలను ఊడ్చినవి దూర సముద్రానికి పోగల పెద్ద పడవలు. జీవనం పోగొట్టుకున్నవారిలో మాత్రం తాతల నాటి నుంచి చిత్తడి పాయల్లో చిన్న వలలు వేసుకున్న పల్లెవారు చాలామంది ఉన్నారు. వారిలో కొందరు తరువాత గైడులయ్యారు. మిగతావారి మాట ఈ వేటను కీర్తించే పుస్తకాల్లో దాదాపు వినిపించదు, ఆ లోటును చరిత్రకారులు పూరించవలసి ఉంది.

చేప కోలుకోవడానికి చట్టం కాక మరో కారణం ఎలా పనిచేస్తుందో ఫ్లోరిడాలోని కేప్ కెనావరల్ చూపింది. అంతరిక్ష కేంద్రం భద్రత కోసం 1962లో అక్కడి నీటిలో కొంత భాగాన్ని ప్రజలకు మూసివేశారు. చేపల కోసం చేసిన పని కాకపోయినా, దశాబ్దాల తరువాత చూస్తే రికార్డు బరువున్న రెడ్‌ఫిష్ ఆ హద్దుల చుట్టుపక్కల విరివిగా దొరుకుతున్నట్లు 2001లో వెలువడిన పరిశోధన తేల్చింది.

నేడు ప్రమాదం వలది కాదు, నేలది. మిసిసిపీ నదికి వరదకట్టలు కట్టడంతో చిత్తడికి ఒండ్రు అందడం మానింది, చమురు కోసం తవ్విన కాలువల వెంట ఉప్పునీరు లోపలికి చొచ్చి గడ్డిని చంపింది. 1932 నుంచి 2010 వరకు లూసియానా తీరం సుమారు 1,900 చదరపు మైళ్ల నేలను కోల్పోయింది. ఆనకట్టల వెనుక గోదావరి ఒండ్రు ఆగిపోవడమూ ఒక కారణంగా ఉప్పాడ ఊరు కోతకు గురవడం చూసిన తెలుగువారికి ఈ వరుస కొత్తది కాదు. రెడ్‌ఫిష్ సంఖ్య తగ్గుతున్నదని 2024లో లూసియానా రోజువారీ పరిమితిని ఐదు నుంచి నాలుగుకు కుదించి, 27 అంగుళాలు దాటిన చేపను ఉంచుకోవడం పూర్తిగా నిషేధించింది. నది నీటినీ ఒండ్రునూ తిరిగి చిత్తడిలోకి మళ్లించేందుకు, 2010 నాటి చమురు ప్రమాదపు పరిహారం డబ్బుతో 2023లో మొదలైన మిడ్ బారటారియా పథకాన్ని మాత్రం ఖర్చు పెరిగిందనీ, మంచినీరు ఆల్చిప్పలనూ రొయ్యలనూ దెబ్బతీస్తుందన్న మత్స్యకారుల అభ్యంతరాన్ని కూడా చూపుతూ అదే రాష్ట్రం 2025 జూలైలో రద్దు చేసింది. పరిమితి ఒక చేప తగ్గితే మంద కొంత నిలుస్తుంది. పిల్లచేప పెరిగే గడ్డి నేల మాత్రం ఒండ్రు లేకుండా నిలవదు.