మురుగునకు కొలత

గోదావరి దక్షిణపు టొడ్డున రామగుండము, ఉత్తరపు టొడ్డున మంచిర్యాల. 2016 వరకు మొదటిది కరీంనగరు జిల్లాలోను, రెండవది ఆదిలాబాదు జిల్లాలోను ఉండెడివి. జిల్లాలు వేరైనను రెండు ఊళ్ళ మురుగు చేరునది ఒక్క నదినే. 1995లో ఆరంభమైన జాతీయ నదీ పరిరక్షణ ప్రణాళికలో రాజమండ్రి, భద్రాచలములతో పాటు ఈ రెండు పట్టణములకును చోటు దొరకినది. రామగుండమునకు మురుగు శుద్ధి కేంద్రములు ఆ విధముగా వచ్చినవి.

బొగ్గు గనులు, విద్యుత్కేంద్రములు పెంచిన ఊరిది. 2011 నాటికే జనాభా రెండు లక్షలు దాటెను. మనిషికి దినమునకు 135 లీటర్ల నీరు, అందులో నూటికి 80 పాళ్ళు మురుగు అనుకొన్నచో రెండు లక్షల మందికి 2 కోట్ల 16 లక్షల లీటర్లు!

ఇంత మురుగును ఎంతవరకు శుద్ధి చేసిన చాలును? మురుగులోని మలినమును సూక్ష్మజీవులు తినును. తినునప్పుడు నీటిలో కరిగియున్న ఆమ్లజనిని, అనగా ఆక్సిజనును, వాడుకొనును. అవి ఎంత వాడుకొనునో అదియే మలినమునకు కొలత. 1912లో ఇంగ్లండునందలి రాయల్ కమిషను ఈ కొలతకు ఒక హద్దు పెట్టినది: శుద్ధియైన నీరు లీటరునకు 20 మిల్లీగ్రాములకు మించి ఆమ్లజనిని కోరరాదు. సీసాను ఐదు దినము లుంచి పరీక్షింపవలెను. ఆ దేశపు నదులు ఐదు దినములలో సముద్రము చేరుటయే ఇందుకు కారణమని చెప్పుదురు. 1,465 కిలోమీటర్ల గోదావరికి అంత తొందర యెక్కడిది! మన ఉష్ణదేశములో సూక్ష్మజీవులు చురుకుగా పనిచేయును గనుక, ఇప్పుడు మనము 27 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మూడు దినములే పరీక్షించుచున్నాము. నదులలో వదలు నీటికి మన హద్దు 30 మిల్లీగ్రాములు.

అయితే కమిషను తన హద్దుకు ఒక షరతు జతచేసినది. మురుగు నీటికి కనీసము ఎనిమిది రెట్లు మంచినీరు నదిలో ఉండవలెను. అంకె సముద్రము దాటి వచ్చినది గాని, షరతును తలచువారు తక్కువ. వర్షకాలపు గోదావరికి ఎనిమిది రెట్లు లెక్కలోనిది కాదు. మే మాసములోనో? ఎగువన ఎల్లంపల్లి ఆనకట్ట నీటిని ఆపును. హైదరాబాదునకు సైతము 2015 నుండి అక్కడి నీరే త్రాగుటకు పోవుచున్నది. దిగువన ఇసుక తిన్నెల నడుమ సన్నని పాయలు మిగులును. అప్పుడు కాలువ నుండి వచ్చిన నీరు నదిలో కలియుట కాదు, చాలవరకు అదియే నది. ఆ పాయలోనే పశువులు నీరు త్రాగును, పిల్లలు ఈదుదురు.