ఎవరి విస్తరి ఎప్పుడు తియ్యాలి?

బఫేలు రాకముందు పెళ్ళిభోజనాలు చూసినవాళ్ళకి ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. బంతికి యాభై విస్తళ్ళు పడతాయి. వచ్చిన జనం మూడొందలు. తినేవాళ్ళ వెనకాల కుర్చీలు పట్టుకుని తరవాతి బంతివాళ్ళు నిలబడి ఉంటారు. ఎవరు పెరుగన్నం దాకా వచ్చారు, ఎవరు ఊరికే కబుర్లు చెబుతూ కూర్చున్నారు, ఎవరి విస్తరి తీసేయొచ్చు అని కనిపెడుతూ మధ్యలో ఒకాయన తిరుగుతుంటాడు. ఆయన నేర్పరి అయితే మూడొందలమందీ తిని వెళ్తారు. కాకపోతే వంట ఎంత బావున్నా రసాభాసే.

1960లలో కంప్యూటర్ మెమరీ సంగతీ ఇంతే. నా ఇంజనీరింగ్ పుస్తకంలో దీన్ని అరపేజీ అల్గారిదంగా చెప్పారు. పరీక్షలో ఎనిమిది మార్కులు. దాని వెనక ఇరవై ఏళ్ళ తగాదా ఉందని ఉద్యోగంలో చేరాక కానీ తెలియలేదు. అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ నేర్చుకుని వైటూకే రోజుల్లో అమెరికా విమానం ఎక్కిన తరానికి మెయిన్‌ఫ్రేమ్ అంటే ఆకుపచ్చ అక్షరాల తెర. నా తరానికి అదీ లేదు, ‘లెగసీ’ అనే చిన్నచూపు మాట తప్ప. ఇవాళ మనం క్లౌడ్ అని పిలుస్తున్నదాని చిక్కులు చాలావరకు ఆ మెయిన్‌ఫ్రేముల మీదే, ఐబీఎం వాళ్ళ వర్చువల్ మెషిన్ సిస్టమ్‌లలో, ముందుగా ఎదురయ్యాయి.

మొదట్లో ఈ బాధంతా ప్రోగ్రామర్దే. మెమరీ చిన్నది, ప్రోగ్రామ్ పెద్దది. అందుకని ప్రోగ్రామ్‌ని ముక్కలు కోసి, ఏ ముక్క ఎప్పుడు లోపలికి రావాలో, దేని మీద పడాలో చేత్తో లెక్కగట్టి రాసుకునేవారు. ఓవర్‌లే అనేవారు దాన్ని. 1962లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో టామ్ కిల్బర్న్ బృందం అట్లాస్ యంత్రంతో ఈ పని యంత్రానికే అప్పగించింది. అసలు మెమరీ 16 వేల పదాలు, వెనకాల తిరిగే డ్రమ్ములో 96 వేలు. ప్రోగ్రామర్‌కి మాత్రం రెండూ కలిపి ఒకే పెద్ద మెమరీలా కనిపిస్తుంది. 512 పదాలు ఒక పేజీ. ఏ పేజీ ఉంచాలి, ఏది బయటికి పంపాలి అన్నది యంత్రమే గమనించి తేల్చుకుంటుంది.

ప్రోగ్రామర్లకిది నచ్చలేదు. నా ప్రోగ్రామ్ గురించి నాకంటే యంత్రానికి ఎక్కువ తెలుసా అన్నది వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. ఐబీఎంలో లాస్లో బేలాడీ 1966లో రకరకాల పద్ధతులు పోల్చి చూశాడు. అన్నిటికంటే మంచి పద్ధతి ఏదంటే, ఇక అందరికంటే ఆలస్యంగా అవసరమయ్యే పేజీని తీసెయ్యడం. దానికి భవిష్యత్తు తెలియాలి. తెలియదు కాబట్టి మిగిలినవన్నీ గతాన్ని చూసి భవిష్యత్తుని ఊహించే పద్ధతులే. 1969లో డేవిడ్ సేర్ ఒక వ్యాసంలో ప్రయోగాలతో సహా చూపించాడు: యంత్రం ఊహ సరిగా కుదిరితే, మనిషి చేత్తో కట్టిన ఓవర్‌లేలకి అది ఏమీ తీసిపోదు.

ఈలోగా బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జిలో ఇంకో కథ మొదలైంది. 1964లో ఐబీఎం సిస్టమ్/360 ప్రకటించింది. అడ్రసులని మార్చి చూపించే ఏర్పాటు అందులో లేదని, ఒకే యంత్రాన్ని అనేకమంది ఒకేసారి వాడుకోడానికి అది పనికిరాదని ఎమ్ఐటీ వాళ్ళు దాన్ని కాదన్నారు. మల్టిక్స్ కోసం జనరల్ ఎలక్ట్రిక్ యంత్రం ఎంచుకున్నారు. ఐబీఎంకి అది తలవంపు. మోడల్ 67 అనే యంత్రాన్ని, దాని కోసం టీఎస్ఎస్/360 అనే భారీ సిస్టమ్‌ని తలపెట్టింది. ఎమ్ఐటీ వాళ్ళున్న భవనంలోనే ఐబీఎంకి ఒక చిన్న పరిశోధన కేంద్రం ఉండేది. అక్కడ రాబర్ట్ క్రీసీ జట్టు ఇంకో దారి పట్టింది. అందరికీ కలిపి ఒక పెద్ద సిస్టమ్ రాయడం మానేసి, ఒక్కొక్కరికి ఒక్కో పూర్తి యంత్రం ఇచ్చినట్టు నమ్మిస్తే? అదే సీపీ-40. 256 కిలోబైట్ల మోడల్ 40 యంత్రం మీద 14 మంది దాకా, ఎవరికి వారు తమదే ఒక 256 కిలోబైట్ల సొంత యంత్రం అనుకుంటూ పని చేసుకోవచ్చు. 1967 జనవరికి అది వాడకంలోకి వచ్చింది. దాని తమ్ముడు సీపీ-67 అదే ఏడాది మోడల్ 67 మీదికెక్కింది. ఎన్నో ఆశలు పెట్టుకున్న టీఎస్ఎస్ నత్తనడక నడుస్తుంటే, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ చిన్న జట్టు సిస్టమ్ పని చేసింది.

పని చేసిందే కానీ, ఊరికే చెయ్యలేదు. 1968 జనవరిలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో సీపీ-67 పెట్టారు. లిన్ వీలర్ అప్పుడక్కడ విద్యార్థి. నేరుగా యంత్రం మీద 322 సెకన్లలో అయిపోయే పని, సీపీ-67 కింద నడిపితే 856 సెకన్లు పట్టింది. అంటే ఈ ‘సొంత యంత్రం’ అనే భ్రమకి 534 సెకన్ల మూల్యం. వీలర్ ఆ కోడ్‌ని వరసగా చదువుతూ, ఎక్కువసార్లు నడిచే దారులని కుదించుకుంటూ పోయాడు. కొన్ని నెలల్లో అదే పని 435 సెకన్లకి దిగింది. భ్రమ ఖర్చు 113. ఆయనే ఆ లెక్కలు అదే ఏడాది షేర్ అనే వాడకందార్ల సంఘం సమావేశంలో వినిపించాడు. ఇవాళ ప్రొఫైలర్ పెట్టి రంగురంగుల బొమ్మలు చూస్తూ కూడా నేను అంత తగ్గించిన గుర్తు లేదు.

కానీ అసలు కష్టం మెమరీ దగ్గరుంది. పెళ్ళిబంతికే వద్దాం. ఒక కుటుంబంలో ఆరుగురున్నారు, కలిసి కూర్చుంటేనే తింటారు. చోటు చాలక ఇద్దరిని కూర్చోబెట్టాం. మిగతా నలుగురి కోసం పక్కవాళ్ళలో నలుగురిని లేపాం. వాళ్ళవాళ్ళు ఊరుకోరు, ఇంకో నలుగురిని లేపించారు. హాలంతా లేవడం, కూర్చోవడం. ఎవరి నోట్లోకీ ముద్ద పోదు. దీన్ని థ్రాషింగ్ అన్నారు. డ్రమ్ములు, డిస్కులు హోరెత్తిపోతుంటాయి, ప్రాసెసర్ ఖాళీగా ఉంటుంది. ప్రాసెసర్ ఖాళీగా ఉంది కదా అని సిస్టమ్ ఇంకో ప్రోగ్రామ్‌ని లోపలికి పిలుస్తుంది. దాంతో పూర్తిగా మునుగుతుంది.

1968లో పీటర్ డెనింగ్ దీనికి మందు చెప్పాడు. ఒక ప్రోగ్రామ్ ఈమధ్య తాకిన పేజీల గుంపే దాని వర్కింగ్ సెట్. ఆ గుంపు మొత్తానికి చోటుంటేనే దాన్ని బంతిలోకి పిలవాలి, లేకపోతే బయటే ఉంచాలి. కఠినంగా అనిపిస్తుంది కానీ, బయట నిలబడ్డవాడికి కూడా ఇదే మేలు. వాడి వంతు త్వరగా వస్తుంది.

వీలర్ కూడా లోపల ఎంతమంది ఉండాలో అదుపు చేశాడు. కానీ విస్తరి తీసే దగ్గర వేరే దారి. మోడల్ 67లో ప్రతి పేజీకీ, దాన్ని ఎవరైనా తాకితే వెలిగే ఒక బిట్ ఉండేది. సిస్టమ్ వరస తప్పకుండా చుట్టూ తిరుగుతూ ఆ బిట్లని ఆర్పేస్తూ పోతుంది. మళ్ళీ ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఏ బిట్ వెలగలేదో ఆ పేజీ బయటికి. వడ్డించేవాడు ఒక చుట్టు చూసి, రెండో చుట్టులోనూ చెయ్యి పెట్టని విస్తరి ఎత్తేసినట్టు. ఎవరి కుటుంబం, ఎవరి తాలూకు అని చూడడు. బంతి మొత్తానికి ఒకటే లెక్క. డెనింగ్ దారిలో వెళ్ళినవాళ్ళు దీన్ని ఒప్పుకోలేదు. ఎవరి చోటు వాళ్ళకి విడిగా కేటాయించాలి, ఒకడి ఆకలికి ఇంకొకడి విస్తరి పోకూడదన్నది వాళ్ళ వాదన.

వినడానికి రెండోదే న్యాయంగా ఉంది, నాకూ అలాగే అనిపించింది. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌లోని ఐబీఎం కేంద్రంలో అదే సీపీ-67ని వర్కింగ్ సెట్ పద్ధతిలోకి మార్చి, 1973లో దాని మీద వ్యాసం ప్రచురించారు. వీలర్ అప్పటికి కేంబ్రిడ్జి కేంద్రంలో చేరాడు. ఆయన తరవాత చెప్పుకొచ్చిన లెక్క ఇది: గ్రెనోబుల్‌లో ప్రోగ్రాములకి మిగిలే పేజీలు 155, వాడేవాళ్ళు 35 మంది. కేంబ్రిడ్జిలో 104 పేజీలే, వాడేవాళ్ళు 75 నుంచి 80 మంది. ఒకే రకం పని, జవాబు వచ్చే సమయం ఇంచుమించు ఒకటే. 104 పేజీలంటే 416 కిలోబైట్లు. మన ఫోన్‌లో తీసిన ఒక్క ఫోటో అంతకంటే పెద్దది. అందులో డెబ్భై అయిదు మంది, టైప్‌రైటర్ లాంటి టెర్మినళ్ళ ముందు కూర్చుని, ఒక్కొక్కరూ యంత్రం తమదే అనుకుంటూ!

న్యాయాన్ని మాత్రం వీలర్ వదిలెయ్యలేదు, ఇంకోచోట పెట్టాడు. ఎవరు తమ వాటా కంటే ఎక్కువ వాడుకున్నారో లెక్క ఉంచి, వాళ్ళని వెనక్కి జరిపే షెడ్యూలర్ రాశాడు. విస్తరి దగ్గర మొహమాటం లేదు, వరస దగ్గర పక్షపాతం లేదు. నాకు ఈ విభజన అన్నిటికంటే తెలివైనదిగా తోస్తుంది.

వాదన అక్కడితో ఆగలేదు. 1981లో జిమ్ గ్రే (డేటాబేసుల జిమ్ గ్రేనే) వీలర్‌ని ఒక సాయం అడిగాడట. ఉమ్మడి లెక్క మీద స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న తన సహోద్యోగికి, విడి లెక్క పక్షంవాళ్ళు పట్టా రాకుండా అడ్డుపడుతున్నారు, రెండు కేంద్రాల అంకెలు ఇవ్వగలవా అని. ఇది కూడా వీలర్ చెప్పిన కథే, అవతలి పక్షం కథ వేరేగా ఉండొచ్చు. ఎనిమిది మార్కుల ప్రశ్న వెనక ఒక మనిషి పట్టా వేలాడుతోందని మా లెక్చరర్ చెప్పి ఉంటే, ఆ రోజు క్లాసులో మెలకువగా ఉండేవాణ్ణి.

వర్చువల్ మెషిన్లకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. లోపల నడిచే సిస్టమ్‌ కూడా తన పేజీలని తనే తిప్పుకుంటుంటే? 1974లో రాబర్ట్ గోల్డ్‌బర్గ్, రాబర్ట్ హాసింజర్ దీన్ని జంట పేజింగ్ వైపరీత్యంగా వర్ణించారు. మన హాల్లో ఒక కుటుంబ పెద్ద ఉన్నాడనుకోండి. తినడం మానేసిన పిల్లాణ్ణి లేపి, ఆ విస్తరి ముందు ఇంకో పిల్లని కూర్చోబెడదామని చూస్తాడు. చాలాసేపటిగా ఎవరూ చెయ్యి పెట్టలేదని హాలు చూసుకునేవాడు అదే విస్తరిని అప్పటికే ఎత్తేశాడు. ఇద్దరి తర్కమూ ఒకటే, ఇద్దరిదీ సరైనదే, అందుకే పని చెడింది. యంత్రంలో అయితే ఆ పాత పేజీని డిస్కు నుంచి మళ్ళీ పైకి తేవాలి, కేవలం దాని మీద ఇంకోటి రాయడానికి. విరుగుడు ఏమిటంటే లోపలివాడికి నిజం చెప్పెయ్యడమే. వీఎస్1 అనే సిస్టమ్‌ని వీఎం/370 కింద నడిపేటప్పుడు రెండూ కరచాలనం చేసుకునే ఏర్పాటు పెట్టారు. లోపలి సిస్టమ్ తన పేజింగ్ మానేసి బయటివాడికే వదిలేస్తుంది. ఏదైనా పేజీ కోసం ఆగాల్సొస్తే బయటివాడు చెప్తాడు, అది ఇంకో పని చేసుకుంటుంది. 2002లో వీఎంవేర్‌లో కార్ల్ వాల్డ్‌స్పర్గర్ వర్ణించిన బెలూన్ ఉపాయానిదీ ఇదే చిక్కు. లోపల ఒక బెలూన్ ఊదుతారు, లోపలి సిస్టమ్‌కి ఇరుకై, ఏ పేజీలు వదులుకోవాలో అదే తేల్చుకుంటుంది.

సీపీ-67 వారసుడిగా వీఎం/370 1972లో వచ్చింది. కొత్తగా రాసేటప్పుడు సులువు చేద్దామని వీలర్ పని చాలావరకు వదిలేశారు. కొన్నేళ్ళకి మళ్ళీ కావాల్సొచ్చింది. 1976లో అది రిసోర్స్ మేనేజర్ అనే పేరుతో, విడిగా డబ్బు కట్టి కొనుక్కునే వస్తువుగా బయటికొచ్చింది.

విడుదలకి ముందు పైఆఫీసు నిపుణుడొకాయన అభ్యంతరం పెట్టాడని వీలర్ చెప్తాడు. ఇందులో తిప్పుకోడానికి మీటలేవి? అప్పట్లో ఐబీఎం పెద్ద సిస్టమ్ ఎంవీఎస్‌లో బోలెడు ట్యూనింగ్ అంకెలుండేవి. వాటిని అటూ ఇటూ మార్చి చూడటమే ఒక వృత్తి, వాటి మీద సమావేశాల్లో ఉపన్యాసాలు. ఇదేమో పని భారాన్ని బట్టి తన అంకెలని తనే సర్దుకునే సిస్టమ్. అలా చెప్తే ఆయన ఒప్పుకోలేదట, మీటలు లేకపోతే విడుదల లేదన్నాడట. సరేనని వీలర్ మీటలు పెట్టాడు. ప్రతిదానికీ సూత్రం రాశాడు, మాన్యువల్లో వివరించాడు, జనానికి నేర్పించారు కూడా. కాకపోతే మీటకి ఉన్న కదలిక కంటే లోపల తనంతట తాను సర్దుకునే లెక్కకి ఉన్న కదలిక ఎక్కువ. మనిషి ఎటు తిప్పినా, ఎంత తిప్పినా, లోపలి లెక్క దాన్ని పూడ్చేసుకునేది. సూత్రాలన్నీ నిజమే, కోడ్‌లో దాచిందేమీ లేదు. సోర్సుతో సహా కొన్నవాళ్ళందరికీ పంపించారు.