స్లొవేనియా కంటే పెద్దవి మన రెండు పాత జిల్లాలు: చూడాల్సిన నాలుగు చోట్లు

ఈమధ్య మా అన్న కొడుకు ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. యూరప్‌లో స్లొవేనియా అనే చిన్న దేశం, అందులో తప్పక చూడాల్సిన పది చోట్లు. సరస్సు మధ్యలో దీవి, దీవి మీద చర్చి, పక్కన కొండ మీద కోట. చూసి, "కాకా, మన దిక్కు చూసేటియి ఏమున్నయ్?" అన్నాడు. నాకు వెంటనే జవాబు రాలేదు. కరీంనగర్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, సిగ్గనిపించింది.

ఒక లెక్క చెప్తాను. స్లొవేనియా వైశాల్యం సుమారు 20 వేల చదరపు కిలోమీటర్లు. మన పాత ఆదిలాబాద్, పాత కరీంనగర్ కలిపితే దాదాపు 28 వేలు. అంటే మనది అంతకంటే పెద్ద నేల. కాబట్టి ఈ ఎపిసోడ్‌లో, ఆ పిల్లవాడికి చెప్పాల్సిన జవాబు మీకు చెప్తాను. పది కాదు, నాలుగే.

మొదటిది కోటిలింగాల. జగిత్యాల జిల్లాలో, పెద్దవాగు గోదావరిలో కలిసే చోటు. వానలు పడ్డాక ఇక్కడి మట్టిలో పాత నాణేలు తేలేవి. సంగనభట్ల నరహరిశర్మ గారు వాటిని ఓపికగా సేకరించారు, పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు వాటి మీది అక్షరాలు చదివారు. శాతవాహన వంశానికి మొదటి రాజైన సిముకుడి పేరు అందులో ఉంది. అంతకుముందే ఏలిన గోబద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లూ దొరికాయి. అంటే రెండు వేల ఏళ్ళ కిందటే ఇక్కడ నాణెం కొట్టించుకునే రాజ్యం ఉంది. తవ్వకాల్లో మట్టికోట, ఇటుక గోడలు బయటపడ్డాయి. మరి ఇప్పుడు వెళ్తే ఏం కనబడుతుంది? ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ళు. ఆ పాత నగరంలో కొంత భాగం మునిగిపోయింది. పొలాలకు నీళ్ళు కావాలి, కాదనను. కానీ పూర్తిగా తవ్వి చూడకముందే మునిగింది, అదీ బాధ.

రెండోది బొమ్మలగుట్ట. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే రోడ్డులో, గంగాధర మండలం కురిక్యాల. ఆ రోడ్డు మీద నేను కొన్ని వందల సార్లు బస్సులో పోయాను, ఆ స్టేజీలో ఒక్కసారి కూడా దిగలేదు. అయిదేళ్ళ కింద దిగి ఎక్కాను. రాతి మీద జైన తీర్థంకరులు, చక్రేశ్వరీ దేవి, కింద శాసనం. క్రీ.శ. 945 ప్రాంతంలో జినవల్లభుడు వేయించాడు. ఈయన కన్నడ ఆదికవి పంపడికి సొంత తమ్ముడు. పంపడిని పోషించింది వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి. శాసనంలో మూడు భాషలున్నాయి: సంస్కృతం, కన్నడం, తెలుగు. తెలుగులో మూడు కంద పద్యాలున్నాయి. నన్నయ భారతం పదకొండో శతాబ్దం. అంటే దానికి వందేళ్ళ ముందే మన గుట్ట మీద ఎవరో చక్కగా కందం కూర్చారు! బడిలో మాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మరి కరీంనగర్ గుట్టలంటే ఇవాళ దేనికి పేరు? గ్రానైట్‌కు. గుట్ట మీద అక్షరం ఉందని ఊరివాళ్ళకు తెలిస్తేనే అది గుట్టగా మిగులుతుంది.

మూడోది ఎలగందుల కోట, మానేరు ఒడ్డున. పాత పేరు వెలిగందుల. కాకతీయుల కాలం నుంచి నిజాం దాకా ఎందరి చేతులో మారింది. ఇక్కడి మసీదు మినార్లు ఊపితే ఊగుతాయని ప్రసిద్ధి. 1754లో జఫరుద్దౌలా కట్టించాడంటారు. ఒకప్పుడు జిల్లాకే ఎలగందుల అని పేరు. ఇక్కడి కిల్లాదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీద వెలిసిన ఊరే కరీంనగర్. 1905లో జిల్లా కేంద్రం అక్కడికి మారింది. మన ఊరి పేరు ఎక్కడిదో కావాలంటే ఈ కోట ఎక్కాలి.

నాలుగోది అడవిలో, ఒకదానికొకటి ముడిపడ్డ రెండు ఊళ్ళు. జోడేఘాట్‌లో 1940లో కుమ్రం భీము నిజాం పోలీసుల తూటాలకు పడిపోయాడు. అడిగింది భూమి, అడవి, నీళ్ళ మీద హక్కు. ఇప్పటికీ గోండులు ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ చేరతారు. ఆ తిరుగుబాటు తర్వాత, గోండుల బతుకు ఏమిటో చూసి చెప్పమని నిజాం సర్కారు ఒక పరిశోధకుణ్ణి పంపింది. ఆయన హైమండార్ఫ్, ఆస్ట్రియాలోని వియన్నాలో పుట్టినవాడు. జైనూరు దగ్గర మార్లవాయిలో భార్య బెట్టీతో కలిసి గుడిసెలో ఉన్నాడు. గోండీలో పిల్లలకు చదువు, గిరిజనులకు భూమి పట్టాలు ఇప్పించడంలో ఆయన పాత్ర ఉంది. బెట్టీ 1987లో చనిపోతే సమాధి మార్లవాయిలోనే కట్టారు. ప్రతి జనవరి 11న ఊరు ఊరంతా అక్కడ కూడుతుంది.

చూశారా, యూరప్‌లో చిన్న దేశం నుంచి ఒక మనిషి మన మారుమూల ఊరు చూడటానికి వచ్చి ఏళ్ళ తరబడి ఉన్నాడు. మనం బస్సు స్టేజీలో దిగడానికి తీరిక లేదంటున్నాం. స్లొవేనియా వెళ్ళొద్దని నేననను, డబ్బుంటే వెళ్ళండి. ఆ సరస్సు ఎక్కడికీ పోదు. కోటిలింగాల మాత్రం సగం పోయింది.

వచ్చే ఆదివారం మా పిల్లవాణ్ణి తీసుకొని కురిక్యాల పోతున్నాను. వాడే శాసనం ఫోటో తీస్తానన్నాడు. వచ్చే ఎపిసోడ్‌లో ధూళికట్ట బౌద్ధ స్తూపం గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి.