పాత వ్యాను లోపనిర్ణయం: మెకానిక్ షెడ్డు విజ్ఞానం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
1984లో వచ్చి 2019 వరకు తయారైన మారుతీ వ్యాను మన పట్టణాల్లో బడిబండిగా, అంబులెన్సుగా, సరుకుల బండిగా మూడున్నర దశాబ్దాలు తిరిగింది. దాని బ్రేకు, ఇంజను లోపాలను కంప్యూటరు సాయం లేకుండా గుర్తించిన మెకానిక్కుల పద్ధతిని, అందులోని తర్కాన్ని, దాన్ని మోసిన తెలుగు మాటలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: నిదానం, మారుతీ వ్యాను, బ్రేకు, కార్బురేటరు, ఉపశయం, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం:
"నిదానం" అనే మాట తెలుగులో రెండు అర్థాలలో వాడుకలో ఉంది. వైద్యశాస్త్రంలో అది రోగకారణ నిర్ణయం. లోకవ్యవహారంలో తొందరపడకపోవడం. "నిదానమే ప్రధానం" అన్న సామెత రెండో అర్థంలో పుట్టినా మొదటి అర్థానికీ చక్కగా అన్వయిస్తుంది. ఆయుర్వేదంలో "మాధవనిదానం" రోగనిర్ణయానికే ప్రత్యేకించిన గ్రంథం. రోగాన్ని తెలుసుకునే సాధనాలుగా ఆ శాస్త్రం నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి అనే అయిదింటిని చెబుతుంది. షెడ్డులోని మెకానిక్ ఈ శాస్త్రం చదివి పనిచేశాడని ఇక్కడ వాదించడం లేదు. అతని పద్ధతిలోని క్రమాన్ని వివరించడానికి మన శాస్త్రపరిభాషలోనే తగిన మాటలు ఉన్నాయని చూపడమే ఉద్దేశం.

2. చారిత్రక నేపథ్యం:
ద్రవంపై పెట్టిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా ప్రసరిస్తుందని 17వ శతాబ్దంలో పాస్కల్ నిరూపించాడు. ఆ సూత్రం ఆధారంగా అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ 1917లో హైడ్రాలిక్ బ్రేకుకు పేటెంటు పొందాడు. 1921లో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ మోడల్-ఎ కారుకు నాలుగు చక్రాలకూ ఈ బ్రేకులు అమర్చారు.

భారతదేశంలో 1981లో మారుతీ ఉద్యోగ్ ఏర్పడింది. 1982లో జపాన్‌కు చెందిన సుజుకీతో ఒప్పందం కుదిరింది. 1983లో మారుతీ 800 కారు, మరుసటి సంవత్సరం వ్యాను వచ్చాయి. 1988 నుండి వ్యాను "ఓమ్ని" పేరుతో వ్యవహారంలోకి వచ్చింది. దీనిది 796 సి.సి. సామర్థ్యం గల మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజను. అది ముందు సీట్ల కింద ఉంటుంది. శక్తి వెనుక చక్రాలకు అందుతుంది. అంతకుముందు అంబాసిడర్, పద్మిని కార్ల బానెట్ ఎత్తి పనిచేసిన చేతులు ఇప్పుడు సీటు ఎత్తడం నేర్చుకోవలసి వచ్చింది. ఇంజను కూర్చున్నవారి కిందే ఉండడం వల్ల దాని చప్పుడు, వేడి, వాసన నేరుగా డ్రైవరుకు తెలిసేవి. అందుచేత లోపనిర్ణయంలో మొదటి సాక్షి డ్రైవరే అయ్యాడు.

3. బ్రేకు లోపాలు – పాదం చెప్పే సాక్ష్యం:
బ్రేకు వ్యవస్థలో చాలాభాగం కంటికి కనబడదు. కాబట్టి పెడల్ ప్రవర్తనే ప్రధాన లక్షణం. పెడల్ మెత్తగా, స్పాంజిలా ఉంటే గొట్టాల్లో గాలి చేరిందని అనుమానిస్తారు. రెండు మూడుసార్లు తొక్కితే పైకి వచ్చి గట్టిపడుతుంటే, బ్రేకు షూకూ డ్రమ్ముకూ మధ్య ఎడం పెరిగి ఉండవచ్చు. గాలి ఉన్నా ఇదే లక్షణం కొంత కనిపిస్తుంది గనుక ఎడం సరిచేశాకే గాలి తీస్తారు. తొక్కి పట్టుకున్న పెడల్ మెల్లగా దిగిపోతూ, బయట ఎక్కడా ఆయిల్ కారకపోతే, మాస్టర్ సిలిండరు లోపలి రబ్బరు సీళ్లు అరిగినట్టు. బండి ఒకపక్కకు లాగుతుంటే, ఆ పక్క చక్రం బాగా పట్టుతోందా, రెండో పక్క చక్రం పట్టడం లేదా అన్నది ముందు తేలాలి. లాగిన పక్కనే తప్పు వెతకడం కొత్తవారు చేసే పొరపాటు.

ఘాట్‌రోడ్డు దిగేటప్పుడు వచ్చే లోపం మరింత ప్రమాదకరమైనది. బ్రేకు ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఏళ్ల తరబడి మార్చని ఆయిల్‌లో నీరు చేరి, దాని మరుగుస్థానం తగ్గుతుంది. పదేపదే తొక్కినప్పుడు పుట్టే వేడికి ఆ నీరు ఆవిరవుతుంది. ఆవిరి వాయువు కనుక నొక్కితే అణిగిపోతుంది. పెడల్ నేలకు తగులుతుంది. బండి చల్లారాక పెడల్ మామూలుగానే ఉంటుంది. షెడ్డుకు చేరేసరికి లక్షణం మాయమయ్యే ఈ లోపాన్ని పట్టుకోవాలంటే "ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపటికి" అని డ్రైవరును అడిగి తీరాలి.

4. ఇంజను లోపాలు – చెవి, ముక్కు, కన్ను:
మూడు సిలిండర్లలో ఒకటి పనిచేయకపోతే ఇంజను ఊగిపోతుంది. దీనినే షెడ్డు భాషలో "మిస్సింగ్" అంటారు. ఇంజను నడుస్తుండగా ప్లగ్గుల తీగలను ఒక్కొక్కటిగా తప్పించి చూడడం పాత కార్బురేటరు బండ్లలో వాడుకైన పరీక్ష. తీగ తప్పించినప్పుడు ఇంజను మరింత తడబడితే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు. ఏ మార్పూ లేకపోతే అదే లోపభూయిష్ఠం. న్యాయశాస్త్రంలోని అన్వయ-వ్యతిరేకాల తర్కం ఇక్కడ పనిచేస్తోంది.

ఆ తరువాత ప్లగ్గు విప్పి చూస్తారు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. జిడ్డు ఉంటే ఇంజను ఆయిల్ పైకి వస్తోంది. మరీ తెల్లబడి ఉంటే పెట్రోలు చాలడం లేదు. పొగ కూడా ఇటువంటి సాక్ష్యమే. నీలిపొగ ఆయిల్ మండడాన్ని, నల్లపొగ పెట్రోలు ఎక్కువ కావడాన్ని, ఇంజను వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ కూలెంట్ లోపలికి చేరడాన్ని సూచిస్తాయి. పొగను బట్టి నిప్పును ఊహించడం తార్కికులకు పరిచితమైన ఉదాహరణ. మెకానిక్ పొగ రంగును బట్టి మండుతున్నదేమిటో కూడా ఊహిస్తాడు.

5. రెండు లక్షణాలు – ఒకే కారణం:
బూస్టరు అమర్చిన నమూనాలలో బ్రేకు, ఇంజను ఒక గొట్టంతో ముడిపడి ఉంటాయి. ఇంజను గాలి పీల్చుకునేటప్పుడు ఏర్పడే వాక్యూమ్‌నే బూస్టరు వాడుకుంటుంది. బూస్టరు పొర చిరిగితే పెడల్ గట్టిపడుతుంది. అదే చిరుగు గుండా అదనపు గాలి ఇంజనులోకి పోయి ఐడ్లింగు చెడుతుంది. యజమాని రెండు ఫిర్యాదులతో వస్తాడు. కారణం మాత్రం ఒక్కటే.

దీనికి రెండు పరీక్షలు ఉన్నాయి. ఇంజను ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, కాలు అదిమిపట్టి స్టార్టు చేయాలి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టరు పనిచేస్తున్నట్టు. రెండోది, నిలిపి ఉంచిన బండిలో ఇంజను నడుస్తుండగా వాక్యూమ్ గొట్టాన్ని నొక్కిపట్టడం. ఇంజను వెంటనే కుదుటపడితే, లోపం ఆ గొట్టానికి అవతల బూస్టరు వైపు ఉందని తేలుతుంది. ఉపశమనం కలిగించి చూసి కారణాన్ని గుర్తించడమే ఆయుర్వేదంలోని ఉపశయం. ఇది తెలియని చోట కార్బురేటరు విప్పుతారు, బ్రేకు షూలు మారుస్తారు. ఖర్చు పెరుగుతుంది, లోపం మిగులుతుంది.

6. షెడ్డు పలుకుబడి:
ఈ విజ్ఞానం చాలావరకు గురువు పక్కన పానాలు అందించిన కుర్రవాడికి మాటల ద్వారా అందింది. "ఇంజను ఆయిల్ తాగుతోంది", "బోరుకొచ్చింది", "పికప్ లేదు", "గాలి తీయాలి" వంటి ప్రయోగాలు లక్షణాన్ని, నిర్ణయాన్ని, చికిత్సను క్లుప్తంగా చెబుతాయి. "తాగుతోంది", "తీయాలి" వంటి తెలుగు క్రియలు, "పికప్", "బోరు" వంటి ఆంగ్ల నామాలు ఇందులో కలిసి నడుస్తాయి. భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో మొదలైన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతో వెలువడింది. చేనేత పదాల సంపుటం తరువాత వచ్చింది. నాగలికి, మగ్గానికి దక్కిన ఆ శ్రద్ధ షెడ్డు భాషకూ దక్కవలసి ఉంది.

7. ముగింపు:
అమెరికాలో 1996 నుండి కొత్త కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది. భారతదేశంలోనూ ఉద్గార నిబంధనలతో పాటు ఆ వ్యవస్థ వచ్చింది. స్కానరు చూపే కోడు చాలా విలువైనది. అయితే అది లోపం ఏ భాగంలో కనబడుతోందో చెబుతుంది గాని, కారణాన్ని అన్నిసార్లూ చెప్పదు. మిశ్రమంలో గాలి ఎక్కువైందని కోడు వచ్చినప్పుడు, గొట్టం నొక్కి చూడవలసింది మనిషే. అంటే పరికరం రూపాన్ని చూపుతుంది. సంప్రాప్తిని ఊహించే పని మెకానిక్‌దే.

కార్బురేటరు బండ్ల మీద ఈ పని నేర్చిన తరం ఇప్పుడు వృద్ధాప్యంలోకి అడుగుపెడుతోంది. వారి మాటలను ధ్వనిముద్రణ చేసి, లక్షణం, పరీక్ష, నిర్ణయం అన్న క్రమంలో పొందుపరిస్తే అది భాషాశాస్త్రానికి సామగ్రి అవుతుంది. ఐటీఐలో చేరే తెలుగు మాధ్యమ విద్యార్థికి పాఠ్యమూ అవుతుంది. తెలుగు శాఖలు, సాంకేతిక విద్యాసంస్థలు కలిసి ఈ పనికి పూనుకోవలసిన సమయమిది.