గొడ్ల పాక పనికి కూలెంత?

గోదావరి పశ్చిమ డెల్టాలో పొలం పనికి ఏదో ఒక లెక్క ఉంటుంది. ఊడ్పుకి ఎకరానికింతని ముఠా మేస్త్రి బేరమాడతాడు. కోత కూలి ఊళ్లో ఒక ఇంట తేలితే మిగతా ఇళ్లలోనూ దాదాపు అదే. గొడ్ల పాకలో పొద్దునొక పూట, సాయంత్రమొక పూట చేసే పనికి మాత్రం అలాంటి రేటు సరిగా కుదరనేలేదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తాడేపల్లిగూడెం, ఏలూరు చుట్టుపక్కల వరి విస్తరించింది. దున్నడానికి ఎడ్లు, ఎడ్లను చూసుకోవడానికి పాలేళ్లు కావలసివచ్చారు. పాలేరుతనం ఏడాది ఒప్పందం: కొన్ని బస్తాల ధాన్యం, కాస్త నగదు, బట్టలు, చెప్పులు, అన్నిటికంటే ముందు తీసుకున్న అప్పు. పేడ తీయడం, మేత వేయడం, కుడితి పెట్టడం అందులోనే కలిసిపోయేవి. పాలేరు భార్య వచ్చి పాక ఊడ్చినా, కొడుకు గేదెలను కొల్లేటి మేత భూములకు తోలుకుపోయినా చాలా ఇళ్లలో విడిగా జీతం ఉండేది కాదు. చద్దన్నం, మజ్జిగ, పండక్కి ఒక బట్టతో సరి.

కూలి తగాదా ఎంత దూరం పోగలదో 1922 నాటి ‘మాలపల్లి’ నవలలో ఉన్నవ లక్ష్మీనారాయణ చూపించారు. చట్టం రావడానికి మరో పాతికేళ్లు పట్టింది. 1948 కనీస వేతనాల చట్టం పాడిని, పశుపోషణను వ్యవసాయంలో చేర్చింది. కూలి నగదుగానే ఇవ్వాలంది. వస్తురూపంలో ఇచ్చే ఆనవాయితీ ఉన్నచోట ప్రభుత్వం అనుమతిస్తేనే, దాని విలువ కట్టి ఇవ్వాలంది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అప్పు ముడి తెంచింది. మజ్జిగ చెంబుకి వెల కట్టమని అడిగే ధైర్యం మాత్రం పాకలో పనిచేసే మనిషికి అంత త్వరగా రాలేదు.

1960లో సాంద్ర వ్యవసాయ పథకానికి దేశంలో ఎంపికైన తొలి ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. తర్వాతి దశాబ్దాల్లో ట్రాక్టర్లొచ్చాయి, ఎడ్లు తగ్గాయి, ఏడాది పాలేళ్లూ తగ్గారు. పాల కోసం గేదెలు మిగిలాయి. పాక పని రెండు పూటల పనిగా ఎక్కువగా ఆడవాళ్ల చేతికొచ్చింది.

తెల్లవారుజామున పేడ తట్టకెత్తి పెంటకుప్ప మీద పోయాలి. నేల కడిగి, తవుడు, చిట్టు కలిపి కుడితి పెట్టి, గడ్డి వేయాలి. వానాకాలమైతే దోమలకు పొగ వేయాలి. సాయంత్రం మళ్లీ ఇదంతా.

దీన్ని గంటల్లో కొలిస్తే అన్యాయం జరుగుతుంది. రోజు కూలి 500 రూపాయలనుకుందాం. రెండు పూటలూ కలిపి మూడు గంటలైతే, ఎనిమిది గంటల లెక్కన వచ్చేది 188 రూపాయలలోపే. కానీ తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి రావలసిన మనిషి దూరపు ఊడ్పులకు పోలేదు. ముఠాతో ఆటో ఎక్కలేదు. ఆ పోయిన కూలి కూడా లెక్కలోకి రావాలి. అందుకే సగం రోజు కూలికి తగ్గకుండా, అంటే 250 చొప్పున నెలకు 7,500 ఇవ్వడం న్యాయం. గేదెలు నాలుగైదు దాటితే అంతకు మించాలి. ఇంటివాళ్లు ఇష్టంగా పోసే పాలు జీతంలో కోయకూడదు.

సెలవు మాట కూడా మొదట్లోనే తేల్చుకోవాలి. పశువుకి ఆదివారం లేదు. కనుమ నాడైతే గొడ్లను కడిగి, కొమ్ములకు రంగు వేసి, బొట్టు పెట్టాలి. పని ఇంకా పెరుగుతుంది. నెలకు రెండు రోజులు జీతం కోయని సెలవు, ఆ రోజుల్లో పేడ ఎవరు తీస్తారన్నది, కనుమకి అదనంగా ఎంతన్నది పనిలో చేరే రోజే మాట్లాడుకుంటే నెలాఖరున పేచీ ఉండదు.